డిజైనర్‌తో ఇల్లు కట్టించుకునేవారికి: ఏ నిర్ణయం ఎప్పటిలోగా

కమోడ్ ఏముంది, ఇల్లు అయ్యాక షాపుకెళ్లి కొనుక్కోవచ్చు అనుకుంటాం. కానీ దాని పైపు నేలలోకి దిగుతుందా, వెనక గోడలోంచి బయటికి పోతుందా అన్నది ఆ బాత్రూము కింది స్లాబుకి సెంట్రింగు (కాంక్రీటు పోయడానికి అమర్చే అచ్చు) కొట్టే నాటికే తేలాలి. నేలలోకి దిగే రకమైతే గోడ నుంచి పైపు మధ్యకి ఎంత దూరమో ఆ మోడల్ కాగితంలోనే ఉంటుంది. గోడకి వేలాడే రకమైతే దాని ట్యాంకు ఫ్రేముకి వెనక 15 నుంచి 20 సెంటీమీటర్ల మందం కావాలి, అంటే బాత్రూము అంత పొట్టిదవుతుంది. ఆ ముక్క ముందు చెప్పకపోతే మేస్త్రీ తనకి అలవాటైన చోట రంధ్రం వదులుతాడు. ఆ తరవాత కొత్త స్లాబుని కొట్టి, పూడ్చి, లీకేజీ పట్టకుండా కాపాడుకోవడం మీ వంతు.

ఇంటి పనిలో ఇలాంటి నిర్ణయాలు వందల్లో ఉంటాయి. ప్రతిదానికీ ఒక ఆఖరి తేదీ ఉంటుంది, అది మనం అనుకున్న దానికంటే చాలా ముందుగా వస్తుంది. మంచి డిజైనర్‌ని పెట్టుకుంటే దక్కే అసలు లాభం అందమైన ఎలివేషన్ (ఇల్లు బయటికి కనబడే ముఖం) కాదు, ఆ తేదీలు దాటకముందే మిమ్మల్ని అడగాల్సినవి అడగడం. మీరు చేయాల్సింది, అడిగినప్పుడు జవాబు సిద్ధంగా ఉంచుకోవడం. ఇక్కడి వివరాలన్నీ కాంక్రీటు పిల్లర్లు, బీములు, స్లాబులతో కట్టే ఇంటిని దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. చెక్క ఫ్రేములతో కట్టే చోట కొలతలు కొన్ని మారతాయి, వరస మాత్రం దాదాపు ఇదే.

డిజైనర్‌ని ఎంచుకోవడం

కంప్యూటర్లో గీసిన త్రీడీ బొమ్మలు చూసి ఎవరినీ ఎంచుకోవద్దు. రెండు విషయాలు అడగండి. ఒకటి, వాళ్లు కట్టించిన ఇళ్లలో కనీసం మూడేళ్లు దాటినది ఒకటి చూపించమనండి. మూడు వానాకాలాలు చూసిన ఇల్లు నిజం చెబుతుంది: కిటికీ కింది మూలల్లో చెమ్మ మరకలు, డాబా మెట్ల గది గుమ్మం దగ్గర నీళ్లు, బాత్రూము పక్కగోడకి రంగు పొట్టు లేవడం. ఆ ఇంటివాళ్లని ఎక్స్‌ట్రాలు (ఒప్పందానికి మించిన బిల్లులు) ఎన్ని వచ్చాయి, సైటులో సందేహం వస్తే జవాబు ఎన్ని రోజుల్లో వచ్చేది అని అడగండి. రెండోది, పూర్తయిన ఏదో ఒక ఇంటి వర్కింగ్ డ్రాయింగుల (సైటులో చూసి కట్టే డ్రాయింగుల) కట్ట మొత్తం చూపించమనండి. అందులో ప్లాన్లు, ఎలివేషన్లు మాత్రమే ఉండి సెక్షన్లు (ఇంటిని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మలు), మెట్ల వివరాలు, బాత్రూము వివరాలు, తలుపులు కిటికీల పట్టిక, కరెంటు డ్రాయింగు, పైపుల డ్రాయింగు లేకపోతే, అవన్నీ సైటులో మేస్త్రీ నోటితో తేల్చినవన్న మాట.

మీ ఇంటి బొమ్మ స్వయంగా గీసేది ఎవరు, ఇప్పుడు వాళ్ల చేతిలో ఎన్ని ఇళ్లున్నాయి, అనుమతి కాగితాల మీద సంతకం పెట్టే అర్హత వాళ్లకి ఉందా అన్నవి కూడా మొదటి భేటీలోనే తేల్చుకోవాలి. స్ట్రక్చరల్ ఇంజనీరు వేరే మనిషి. పిల్లర్ ఎంత, చువ్వ ఎంత అన్నది లెక్క కట్టి సంతకం పెట్టాల్సింది ఆయనే. డిజైనర్ తన తరఫున ఆయన్ని పెట్టుకుంటే సమన్వయం సులువు. మీరే విడిగా పెట్టుకుంటే ఇద్దరి డ్రాయింగులూ ఒకదానితో ఒకటి సరిపోయాయా అని చూసే పని ఎవరిదో రాతలో ఉండాలి. లేకపోతే ఆ పని ఎవరూ చేయరు.

ఒప్పందంలో ఉండాల్సినవి

ఫీజు మూడు రకాలుగా ఉంటుంది: కట్టుబడి ఖర్చులో ఇంత శాతమని, చదరపు అడుగుకి ఇంతని, లేదా మొత్తానికి ఒకే అంకె. శాతం పద్ధతిలో ఇంటి ఖర్చు పెరిగితే ఫీజూ పెరుగుతుంది కాబట్టి ఏ ఖర్చు మీద శాతమో (అసలు అంచనా మీదా, చివరి బిల్లు మీదా) ముందే రాసుకోవాలి. ఒకే అంకె పద్ధతిలో పని పరిధి స్పష్టంగా లేకపోతే నెమ్మదిగా పని తగ్గిపోతుంది. ఏ పద్ధతైనా ఈ అంశాలు కాగితం మీద ఉండాలి: ఇచ్చే డ్రాయింగుల జాబితా పేర్లతో సహా, ప్లాన్ దశలో ఎన్నిసార్లు మార్పులు ఫీజులో కలిసి ఉంటాయి, సైటుకి ఎన్నిసార్లు వస్తారు, ఏయే పనుల ముందు తప్పకుండా వస్తారు, ఇంజనీరు ఫీజు, మట్టి పరీక్ష, అనుమతి రుసుము ఎవరు కట్టాలి, మధ్యలో విడిపోతే అప్పటిదాకా గీసినవి మీరు వాడుకోవచ్చా.

చెల్లింపులు దశలవారీగా ఉండాలి. సైటు పర్యవేక్షణ కూడా వాళ్లదే అయితే మొత్తం ఫీజులో అయిదో వంతు వరకు కట్టుబడి కాలానికి మిగిలేలా చూసుకోండి. డ్రాయింగులు చేతికి రాగానే మొత్తం ఇచ్చేస్తే, స్లాబు ముందు రోజు ఫోను ఎత్తాల్సిన అవసరం వాళ్లకి తగ్గిపోతుంది.

మీరు రాసివ్వాల్సిన కాగితం

"మూడు బెడ్‌రూములు, పెద్ద హాలు, ఓపెన్ కిచెన్" అని చెబితే డిజైనర్‌కి ఏమీ చెప్పనట్టే. ఆ మాటలతో ఎవరి ఇల్లయినా గీయొచ్చు. మీ ఇల్లు కావాలంటే మీ రోజు రాసివ్వాలి. పొద్దున ముందు లేచేదెవరు, వాళ్లు లైటు వేస్తే ఎవరి నిద్ర చెడుతుంది? ఒకే సమయంలో ఎంతమందికి స్నానం కావాలి? ఉతికిన బట్టలు ఎక్కడ ఆరతాయి, ముసురు పట్టినప్పుడు ఎక్కడ ఆరతాయి? ఇంట్లోంచి పని చేసేవాళ్లు రోజూ ఎన్ని గంటలు ఫోనులో మాట్లాడతారు? చుట్టాలు వస్తే ఎంతమంది, ఎన్ని రాత్రులు? మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఇప్పుడున్నా, పదేళ్లకి వస్తారనుకున్నా, కింది అంతస్తులో ఒక పడకగది, ఆనుకుని మెట్టు లేని బాత్రూము అడగాల్సింది ఇప్పుడే.

తరవాత టేపు తీసుకుని ఇప్పుడుంటున్న ఇంటిని కొలవండి. మంచాలు, బీరువాలు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, భోజనాల బల్ల, కొత్త ఇంటికి వచ్చేవన్నీ పొడవు, వెడల్పు, ఎత్తు. పుస్తకాలు వరసగా పేరిస్తే ఎన్ని అడుగులు, చెప్పుల జతలు ఎన్ని, వంటింటి సామాను ఎన్ని అరల నిండా ఉంది. ఇప్పటి గదుల కొలతలు కూడా రాసి, పక్కన "ఇరుకు", "సరిపోయింది", "అక్కర్లేనంత" అని ఒక మాట పెట్టండి. డిజైనర్ 11 అడుగుల గది అన్నప్పుడు అది ఎంతో మీకు ఒంటికి తెలియాలంటే ఇదొక్కటే దారి.

కోరికల్ని మూడు వరసలుగా విడగొట్టండి: లేకపోతే కుదరనివి, ఉంటే బాగుండేవి, డబ్బు చాలకపోతే ముందు తీసేసేవి. మూడో వరస ఖాళీగా ఉంచితే, ఖర్చు మించిన రోజున ఏం తీసేయాలో కాంట్రాక్టర్ నిర్ణయిస్తాడు.

విస్తీర్ణం లెక్క సాధారణంగా ఇక్కడే తప్పుతుంది. గదుల లోపలి కొలతలు కూడితే 1,000 చదరపు అడుగులు వచ్చిందనుకుందాం. గోడల మందం, నడవలు, మెట్లు, పైపుల షాఫ్టులు కలిపితే కట్టుబడి 1,300 నుంచి 1,400 దాకా వస్తుంది. చాలామంది మొదటి అంకెతో ఖర్చు లెక్కేసి రెండో అంకెతో ఇల్లు గీయించుకుంటారు. బడ్జెట్ విషయంలో డిజైనర్ దగ్గర దాపరికం వద్దు. తక్కువ చెబితే ఎలాగూ పెంచుతారని పదిలో ఏడు చెబితే, ఆ ఏడుకి తగ్గ ఇల్లే వస్తుంది, తరవాత అతుకులు పడతాయి. చేతిలో ఉన్న మొత్తం లోంచి ఫీజులు, అనుమతులు, కరెంటు, నీటి కనెక్షన్లు, ప్రహరీ, గేటు, కప్‌బోర్డులు, కట్టినన్నాళ్లూ బయట ఉండే అద్దె తీసేయండి. మిగిలిన దాంట్లో పదో వంతు అనుకోని ఖర్చులకి పక్కన పెట్టండి. పాత కట్టడం కూలగొట్టి కట్టేచోటా, వాలు స్థలంలోనూ ఇంకొంచెం ఎక్కువ. అప్పుడు మిగిలేదే డిజైనర్‌కి చెప్పాల్సిన అంకె.

ఇంకొక్క మాట. ఇంట్లో ఎంతమంది మాట్లాడుకున్నా, డిజైనర్‌కి జవాబు ఒక్కరి నుంచే, రాతలోనే వెళ్లాలి. భార్య ఒకటి, భర్త ఒకటి చెప్పిన ప్లాను మూడోసారికి ఎవరికీ నచ్చకుండా తయారవుతుంది.

స్థలం గురించి తెలియాల్సినవి

సర్వే లేకుండా గీసిన ప్లాను ఊహ మాత్రమే. స్థలం నాలుగు వైపుల కొలతలతో పాటు రెండు మూలగీతల కొలతలు కూడా కావాలి, ఎందుకంటే నాలుగు భుజాలు సరిపోయినా స్థలం వంకరగా ఉండొచ్చు. రోడ్డు ఎత్తు, స్థలంలో ఎత్తుపల్లాలు, చెట్లు, పక్కింటి కిటికీలు ఎక్కడున్నాయి, వదలాల్సిన ఖాళీ ఎంత. అన్నిటికంటే ముఖ్యంగా, మురుగు పైపు కలవాల్సిన చోట దాని అడుగు మట్టం ఎంత లోతులో ఉంది. మీ బాత్రూము పైపు వాలుగా అక్కడికి చేరాలి. 20 మీటర్ల దూరం, 60కి 1 వాలు (60 మీటర్లకి ఒక మీటరు దిగడం) అనుకుంటే 33 సెంటీమీటర్లు దిగుతుంది. మీ బేస్‌మెంట్ (నేల మట్టం నుంచి ఇంటి ఫ్లోరు దాకా లేపే భాగం) ఎత్తు ఎంత ఉండాలో చెప్పేది ఈ లెక్క, రోడ్డు మట్టం, వరద నీరు. పక్కింటివాళ్ల ఎత్తు చూసి తేల్చేది కాదు.

మట్టి పరీక్ష పునాది రకాన్ని తేలుస్తుంది. ఉబ్బి కుంచించుకుపోయే నల్లమట్టి, పూడ్చిన చెరువు మట్టి, ఒక మూల రాయి ఒక మూల మెత్తన ఉన్న స్థలం, వీటిలో మామూలు పునాది వేస్తే గోడలు ఏటవాలుగా పగుళ్లు ఇస్తాయి. పరీక్షకయ్యే ఖర్చు పునాది ఖర్చు పక్కన పెడితే చాలా తక్కువ. దాన్ని మిగుల్చుకోవాలని చూడొద్దు.

ఎండ సంగతి. ఉత్తరార్ధగోళంలో ఉష్ణమండలానికి అవతల మధ్యాహ్నపు ఎండ దక్షిణం నుంచి, దక్షిణార్ధగోళంలో ఉత్తరం నుంచి వస్తుంది. అది ఎత్తు నుంచి పడుతుంది కాబట్టి కిటికీ మీద సన్‌షేడ్ ఆపుతుంది. పడమటి ఎండ ఎక్కడైనా ఏటవాలుగా, గది లోపలి దాకా వస్తుంది. దాన్ని సన్‌షేడ్ ఆపలేదు, నిలువు పలకలో చెట్టో చిన్న కిటికీయో కావాలి. గాలి కోసం ఎదురెదురు గోడలకి కిటికీలు పెడితే, సీలింగు ఎత్తుకి అయిదు రెట్ల లోతు వరకు గాలి ఆడుతుందని అనుభవ సూత్రం. ఒకే గోడకి రెండు కిటికీలు పెట్టినంత మాత్రాన గాలి రాదు. వెలుతురు కిటికీ పైఅంచు ఎత్తుకి రెండు, రెండున్నర రెట్ల దూరం వరకే బాగా అందుతుంది.

ప్లాన్ ఎలా చదవాలి

ప్లాన్ చేతికి రాగానే బాగుందా లేదా అని చూడకండి. మీ సామాను కొలతలతో కాగితం ముక్కలు కత్తిరించి, 50కి 1 స్కేలు ప్లాను మీద పెట్టండి. ఆ స్కేలులో 2 సెంటీమీటర్లు ఒక మీటరు. మంచం చుట్టూ నడవడానికి కనీసం 2 అడుగులు. బీరువా లోతు 2 అడుగులు, దాని తలుపు తెరిచి నిలబడటానికి ముందు 3 అడుగులు. భోజనాల బల్ల దగ్గర మనిషికి 2 అడుగుల వెడల్పు, కుర్చీ వెనక్కి జరిపి లేవడానికి, వెనక ఒకరు నడవడానికి బల్ల అంచు నుంచి గోడకి 3 అడుగులు. కమోడ్ మధ్యగీత నుంచి పక్కగోడకి 15 నుంచి 18 అంగుళాలు, ముందు 2 అడుగులు. చక్రాల కుర్చీ తిరగాలంటే 5 అడుగుల వలయం, తలుపు తెరిచాక ఖాళీ కనీసం 2 అడుగుల 8 అంగుళాలు.

ప్లానులో రాసిన కొలత ఇటుక నుంచి ఇటుకకా, ప్లాస్టరింగు అయ్యాకా అని అడగండి. రెండు గోడల ప్లాస్టరింగు, టైల్స్ కలిపి బాత్రూములో 2 అంగుళాలకు పైనే తింటాయి. 4 అడుగుల బాత్రూములో ఆ 2 అంగుళాలే తలుపు కమోడ్‌కి తగిలేలా చేస్తాయి.

వంటగట్టు ఎత్తు లెక్క పుస్తకంలోది వద్దు. వంట ఎక్కువ చేసేవాళ్లు నిలబడి మోచెయ్యి మడిచినప్పుడు నేల నుంచి మోచేతికి ఎంత ఎత్తో కొలిచి, అందులోంచి 10 నుంచి 15 సెంటీమీటర్లు తీసేయండి. ఎదురెదురు గట్లుంటే మధ్య మూడున్నర నుంచి 4 అడుగులు. ఫ్రిజ్‌ని మూలకి గోడకి ఆనించి పెడితే తలుపు పూర్తిగా తెరుచుకోక లోపలి ట్రేలు బయటికి రావు. సింకు వెనక కిటికీ లోపలికి తెరుచుకునేదైతే కొళాయికి తగులుతుంది. ఇలాంటివి త్రీడీ బొమ్మలో కనబడవు.

మెట్ల లెక్క మాత్రం మీరే ఒకసారి వేసి చూడండి. అంతస్తు ఎత్తు, అంటే కింది ఫ్లోరు టైల్ నుంచి పై ఫ్లోరు టైల్‌కి, 3,150 మి.మీ. అనుకుందాం. మెట్టు ఎత్తు 175 మి.మీ. అయితే 18 ఎత్తులు. మెట్టు ఎత్తుకి రెండు రెట్లు, దానికి అడుగు పెట్టే వెడల్పు కలిపితే 600 నుంచి 640 మి.మీ. మధ్య ఉంటే కాళ్లకి సుఖం. వెడల్పు 270 పెడితే 620, బాగుంది. మధ్యలో ల్యాండింగుతో రెండు వరసలుగా తిప్పితే ఒక్కో వరసలో 9 ఎత్తులు, 8 వెడల్పులు, అంటే 2,160 మి.మీ., ల్యాండింగు 1,000 కలిపి 3,160. మెట్ల గదికి లోపల 3.2 మీటర్ల పొడవు లేకపోతే ఆ మెట్లు పట్టవు. 2.6 మీటర్లలో మెట్లు గీసిన ప్లాను వస్తే, ఆ లోటు సైటులో మెట్టు ఎత్తు 200 దాటడంగానో, ల్యాండింగులో మలుపు మెట్లుగానో తేలుతుంది. తల తగలకుండా ప్రతి మెట్టు మీదా 2.1 మీటర్ల ఎత్తు ఉందో లేదో సెక్షన్‌లోనే కనబడుతుంది. ఇంకో పొరపాటు: టైల్స్ మందం లెక్కలో పెట్టకుండా మెట్లు పోస్తే మొదటి మెట్టూ చివరి మెట్టూ మిగతావాటికి తేడా వస్తాయి. మనుషులు తట్టుకుని పడేది అలాంటి మెట్ల దగ్గరే.

ప్లాన్ ఖాయం చేసేముందు, ముఖ్యమైన గది ఒకటి, వంటిల్లు, ఒక బాత్రూము నిజమైన కొలతలో ఖాళీ నేల మీద ముగ్గుపిండితోనో టేపుతోనో గీయించి అందులో తిరగండి. గంట పని. పది మీటింగుల్లో తేలనిది తేలిపోతుంది.

ఇంజనీరు డ్రాయింగు, పైపులు, కరెంటు

ప్లాన్ మీద పిల్లర్లు వచ్చిన రోజున మళ్లీ మొదటి నుంచి చూడాలి. 9 అంగుళాల గోడలో కలిసిపోవాల్సిన పిల్లర్ 12 అంగుళాలైతే 3 అంగుళాలు గదిలోకి వస్తుంది, బీరువా పెట్టాలనుకున్న చోట సరిగ్గా అదే మూల. బీము ఎంత కిందికి దిగుతుంది, దాని కింద కిటికీ పడుతుందా, హాలు మధ్యలో సీలింగుని కోస్తుందా అని ప్రతి గదికీ అడగండి. డాబా మీద 2,000 లీటర్ల నీళ్ల ట్యాంకు అంటే 2 టన్నుల బరువు. ఎక్కడ పెడతారో ఇంజనీరుకి ముందు తెలియాలి. మట్టితో మొక్కల తోట వేసే ఆలోచన ఉన్నా అంతే.

బాత్రూములు ఒకదాని మీద ఒకటి, లేదా వెన్ను ఆనించుకుని ఉంటే పైపులు నిటారుగా దిగుతాయి. పైన బాత్రూము, కింద హాలు అయితే పైపు ఎక్కడో అడ్డంగా పోవాలి, వాలు కావాలి. 50కి 1 వాలులో 4 మీటర్లు పోతే 8 సెంటీమీటర్లు దిగుతుంది, పైపు మందం అదనం. దానికి తగ్గట్టు స్లాబు దించకపోతే బీముని తొలిచి పైపు పోనిస్తారు. బీముని తొలవడం ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. పైపు పోవాల్సిందే అయితే ఇంజనీరు ఒప్పుకున్న చోట, పోత ముందే స్లీవు (పైపు దూరే పెద్ద గొట్టం) పెట్టాలి.

కరెంటు డ్రాయింగు సామాను పెట్టిన ప్లాను మీదే గీయాలి. మంచం రెండు పక్కలా, మెట్ల కిందా పైనా ఒకే లైటుకి రెండు స్విచ్చులు. తలుపు తెరిస్తే వెనక దాగిపోని స్విచ్‌బోర్డు. ఏసీ నీళ్లు ఏ గొట్టంలోకి, బయటి యంత్రం ఎక్కడ, దాన్ని బాగుచేసే మనిషి ఎక్కడ నిలబడతాడు.

నిర్ణయాలకి ఆఖరి తేదీలు

డిజైనర్‌తో కూచుని ఈ పట్టిక మీ ఇంటికి తగ్గట్టు తేదీలతో రాయించుకోండి.

పునాది తవ్వే ముందు: ప్లాను, పిల్లర్ల స్థానాలు, బేస్‌మెంట్ ఎత్తు, మురుగు పైపు దారి, నీటి సంపు, లిఫ్ట్ ఎప్పటికైనా పెడతారా, పై అంతస్తు తరవాత వేస్తారా. పునాది ఎన్ని అంతస్తులకో ఒకసారే తేలుతుంది.

గోడలు లేపే ముందు: తలుపులు, కిటికీల కచ్చితమైన కొలతలు, తెరుచుకునే వైపు, ఫ్లోరింగు మొత్తం మందం. ఫ్లోరు టైల్, దాని కింది సిమెంటు మసాలా కలిపి 5 సెంటీమీటర్లు అనుకోకుండా లింటెల్ (తలుపు, కిటికీ పైన వేసే అడ్డ కాంక్రీటు) పోస్తే, 7 అడుగుల తలుపు పట్టాల్సిన చోట 6 అడుగుల 10 అంగుళాలే మిగులుతుంది.

స్లాబు సెంట్రింగు ముందు: కమోడ్ రకం, బాత్రూములు ఎంత దించాలి, ఫ్యాన్లు, లైట్ల స్థానాలు, స్లాబులోంచి పోయే ప్రతి పైపు రంధ్రం. డాబాకి వెళ్లే తలుపు కింద గడప స్లాబు కంటే కనీసం 15 సెంటీమీటర్లు ఎత్తు ఉండాలన్నది కూడా ఇప్పుడే. డాబాకి వాలు కాంక్రీటు, వాటర్‌ప్రూఫింగు, టైల్స్ పడ్డాక నేల పైకి వస్తుంది. 100కి 1 వాలులో 6 మీటర్ల దూరానికి వాలే 6 సెంటీమీటర్లు. గడప సరిపోకపోతే వాన నీళ్లు మెట్ల మీదుగా ఇంట్లోకి దిగుతాయి.

ప్లాస్టరింగు ముందు: కొళాయిలు, షవర్ మోడళ్లు (గోడలో దాగే భాగం లోతు ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది), గీజరు, స్విచ్చులన్నీ, టీవీ వెనక గొట్టాలు, కర్టెన్ రాడ్డు బరువు పట్టే చోట్లు. వంటింటి కప్‌బోర్డుల డ్రాయింగు కూడా ఈపాటికే సిద్ధంగా ఉండాలి, ఎందుకంటే చిమ్నీ, ఓవెన్, నీటి ఫిల్టర్ పాయింట్లు దాన్నిబట్టే.

రంగులు, లైటు ఫిట్టింగులు, తలుపు గడియలు నెమ్మదిగా తేల్చుకోవచ్చు. చాలామంది అచ్చంగా వీటి మీదే మొదటి నెలలన్నీ ఖర్చుపెడతారు.

కాంట్రాక్టర్‌కి ఇచ్చే కాగితాలు

డ్రాయింగులు పూర్తికాకుండా కొటేషన్లు అడగొద్దు. చదరపు అడుగుకి ఇంత అనే రేటు పోల్చడానికి పనికిరాదు, ఎందుకంటే ఒకరి రేటులో సంపు, ప్రహరీ, కప్‌బోర్డులు ఉంటాయి, ఇంకొకరి దాంట్లో ఉండవు. బాల్కనీని ఒకరు సగం లెక్కిస్తారు, ఒకరు పూర్తిగా. డిజైనర్ చేత ప్రతి పనికీ పరిమాణంతో పట్టిక వేయించి, అదే పట్టిక ముగ్గురికి ఇచ్చి రేట్లు నింపమనండి. అందరికంటే మరీ తక్కువ వచ్చిన చోట ఏ వరస వదిలేశారో వెతకండి. "మంచి రకం", "స్టాండర్డ్ కంపెనీ" అనే మాటలు ఎక్కడా ఉండకూడదు. కాంక్రీటు గ్రేడు, చువ్వ గ్రేడు, ఇటుక రకం, టైల్ సైజు, కొనుగోలు ధర పరిమితి, రంగు ఎన్ని పూతలు, అన్నీ రాయాలి.

చెల్లింపు పని పూర్తయిన మెట్టుకి ముడిపెట్టండి, నెలకి కాదు. ప్రతి బిల్లులో 5 నుంచి 10 శాతం ఆపి, అందులో సగాన్ని ఇల్లు అప్పగించినప్పుడు, మిగతా సగాన్ని లోపాల గడువు (కాంట్రాక్టర్ లోపాలు సరిచేయాల్సిన కాలం, సాధారణంగా 12 నెలలు) ముగిశాక ఇచ్చేలా రాసుకోవచ్చు. మార్పు ఏదైనా ముందు కాగితం మీద మూడు విషయాలు: ఏం మారుతుంది, ఎంత అదనం, ఎన్ని రోజులు అదనం. మీ సంతకం పడ్డాకే పని. సైటులో నిలబడి "ఇక్కడో చిన్న అర పెట్టండి" అని మేస్త్రీకి చెప్పడమే చివరి బిల్లులో గొడవలన్నిటికీ మూలం. మేస్త్రీకి నేరుగా చెప్పకండి, డిజైనర్‌కి చెప్పండి.

సైటులో చూడాల్సినవి

గోడ మీద అంటించిన డ్రాయింగు మీద మార్పు నంబరు, తేదీ చూడండి. కొత్తది రాగానే పాతదాన్ని చింపేయించండి. సగం తప్పులు పాత డ్రాయింగు చూసి కట్టడం వల్లే.

పునాదికి ముగ్గు పోసిన రోజున ప్రతి గదికీ రెండు మూలగీతలు కొలవండి, సమానంగా ఉంటే లంబకోణం ఉన్నట్టు. మట్టం కోసం చెరగని ఒక గుర్తు పెట్టించి అన్ని ఎత్తులూ అక్కడి నుంచే తీయించండి.

స్లాబు పోసే ముందు రోజు డిజైనర్, ఇంజనీరు ఇద్దరూ రావాలి. చువ్వల కింద కవర్ బిళ్లలు (చువ్వ అచ్చుకి ఆనకుండా ఎత్తి ఉంచేవి) ఉన్నాయా (స్లాబుకి 20 మి.మీ., బీముకి 25, పిల్లర్‌కి 40, పునాదికి 50 అన్నది మామూలు వాతావరణానికి వాడుకలో ఉన్న అంకె, సముద్రపు గాలి తగిలే చోట ఎక్కువ), బాల్కనీ స్లాబు చువ్వలు పైభాగంలో ఉన్నాయా, తొక్కడం వల్ల కిందికి వంగిపోయాయా, పైపుల రంధ్రాలు, ఫ్యాన్ బాక్సులు అన్నీ డ్రాయింగు ప్రకారమేనా. బయటికి పొడుచుకొచ్చిన బాల్కనీకి అసలు చువ్వ పైనే ఉండాలి. అది కిందికి దిగితే స్లాబు విరిగే ప్రమాదం ఉంది. పోసేటప్పుడు కాంక్రీటు మాలు బిగుసుకుందని నీళ్లు కలపనివ్వకండి. అదనంగా పోసిన నీళ్లే బలాన్ని తినేస్తాయి. అదే కాంక్రీటుతో క్యూబులు (పరీక్ష దిమ్మలు) తీయించి 7, 28 రోజులకి పరీక్ష చేయించండి. నీళ్లు పట్టడం (పోసిన కాంక్రీటుని తడిగా ఉంచడం) కనీసం 7 రోజులు, ఎండగాలి కాలంలోనూ, బూడిద కలిసిన సిమెంటుతోనూ 10 నుంచి 14. సెంట్రింగు ఎప్పుడు విప్పాలో ఇంజనీరు చెప్పాలి.

ప్లాస్టరింగుకి ముందు ప్రతి గోడనీ టేపు ఆనించి ఫొటో తీయండి, పైపులూ కరెంటు గొట్టాలూ ఎక్కడున్నాయో కనబడేలా. పదేళ్ల తరవాత మేకు కొట్టేటప్పుడు ఆ ఫొటోలే దారి చూపిస్తాయి. నీటి పైపులకి వాడుక ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఒత్తిడి పెట్టి పరీక్ష, గోడ మూయకముందే. బాత్రూము వాటర్‌ప్రూఫింగు అయ్యాక, టైల్స్ వేయకముందు, నీళ్లు పోయే గొట్టం మూసి రెండు అంగుళాల నీళ్లు నింపి కనీసం 24 గంటలు, వీలైతే 48, ఉంచి కింది సీలింగు చూడండి. టైల్స్ వేశాక ఒక బకెట్ నీళ్లు పోసి ఎక్కడైనా నిలుస్తున్నాయేమో చూడటం ఇంకో పరీక్ష. రెండూ కావాలి.

వారానికి ఒక రోజు, ఒకే సమయానికి సైటు మీటింగు పెట్టుకోండి. ఏం తేలింది, ఎవరు ఎప్పటిలోగా చేయాలి అని నాలుగు వాక్యాలు అదే రోజు అందరికీ పంపండి. ఆ తరవాతి వారం రావాల్సిన నిర్ణయాలేమిటో డిజైనర్‌ని అడగడం ప్రతి మీటింగులో చివరి ప్రశ్న కావాలి.

అప్పగింత

లోపాల జాబితా పగటి వెలుతురులో, గది గదికీ, డిజైనర్ పక్కనుండగా రాయండి. ప్రతి తలుపూ తెరిచి మూయండి, ప్రతి కొళాయీ ఒకేసారి తిప్పండి, ప్రతి ప్లగ్గులో చార్జర్ పెట్టి చూడండి, బీరువా వెనకవి కూడా. చివరి చెల్లింపుకి ముందు మీ చేతికి రావాల్సినవి: కట్టినది కట్టినట్టుగా దిద్దిన డ్రాయింగులు, ఇంజనీరు డ్రాయింగులు, క్యూబు ఫలితాలు, వాటర్‌ప్రూఫింగు, పంపు, గీజరు, కిటికీల వారంటీ కాగితాలు, టైల్స్, రంగుల నంబర్లు. ప్రతి రకం టైల్స్‌లో ఒక పెట్టె విడిగా దాచండి. అదే రంగు తరవాత దొరకదు, దొరికినా ఛాయ కలవదు. మొదటి వానాకాలం ముగిశాక, లోపాల గడువు దాటకముందు, డిజైనర్‌ని ఇంకోసారి ఇంటికి పిలిచి డాబా, కిటికీ మూలలు, బాత్రూము పక్కగోడలు కలిసి చూడండి. కనబడిన చెమ్మ ప్రతిదీ ఆపి ఉంచిన డబ్బు ఇచ్చేలోపే సరిచేయించండి.